కుక్కపిల్ల గడప దాటక ముందు

కుంపట్లో బొగ్గులు ఇంకాస్త రాజుకోనివ్వండి. పొత్తులు నిదానంగా కాలితేనే గింజ మెత్తగా ఉంటుంది. ఈ ఐప్పసి నెల వాన ఇప్పట్లో తెరిపియ్యదు, కరెంటూ ఇప్పట్లో రాదు. ఇటు జరగరా చిన్నాడా, అక్కకు చోటివ్వు.

అమ్మడూ, పొద్దున్నుంచి నువ్వు మీ అమ్మతో పెట్టుకున్న పేచీ అంతా వింటూనే ఉన్నాను. నీ స్నేహితురాలి ఇంట్లో లాబ్రడార్ పిల్లలు పెట్టింది, ఒకటి నీకిస్తామన్నారు, దీపావళికి ముందే తెచ్చుకోవాలంటావు. మీ అమ్మ వద్దంటోంది. నేను వద్దనను. అలాగని రేపే తెమ్మనీ అనను. ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా నాన్న వేపేరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నెల్లూరు వైపు నుంచి మద్రాసుకు బతకడానికొచ్చిన వాళ్లలో ఆయనొకరు. ఆ ఆసుపత్రి ఉన్న వేపేరి పశువైద్య కాలేజీ 1903లో డాబిన్ హాల్ అనే బంగళాలో మొదలైంది. నా చిన్నప్పుడు అక్కడికొచ్చే రోగులంటే ముఖ్యంగా జట్కా గుర్రాలు, బండెద్దులు, పాడి ఆవులు. అప్పట్లో పాలవాడు ఆవును వీధిలోకే తోలుకొచ్చి గుమ్మం ముందు పితికిచ్చేవాడు. కుక్కను ఆసుపత్రిదాకా తెచ్చేది ఎగ్మూరు, నుంగంబాకం బంగళాల వాళ్లే. మామూలు వాళ్ల కుక్కకు జబ్బు చేస్తే కాస్త పసుపు, కాస్త వేపనూనె, ఆపైన దాని రాత.

మేముండేది పురసవాక్కంలో. ఒకే పెద్ద ఇల్లు, అందులో నాలుగైదు వాటాలు. మధ్యలో నుయ్యి, వెనక మట్టి పెరడు, వీధి వైపు అరుగు. ఆ అరుగు కింద మణి ఉండేది. అరవ దేశంలో సగం కుక్కల పేరు మణే కదా. మాదీ అదే. గోధుమ రంగు, ముక్కు నల్లన, ఒక చెవి సగం వాలి ఉండేది. ఎవరిదంటే అందరిదీ. పొద్దున మా వాటాలో చద్దన్నం, మధ్యాహ్నం ఎదుటి వాటా అరవ మామి పెట్టే మజ్జిగన్నం, రాత్రి ఎవరు పిలిస్తే వాళ్లింట.

మణి పిల్లల్ని పెట్టినప్పుడల్లా వీధివీధంతా వచ్చి అడిగేవాళ్లు. మా నాన్న ఎవరికీ వెంటనే ఇచ్చేవారు కాదు. ఆదివారం పూట చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, అడిగిన వాళ్లింటికి వెళ్లేవారు. పెళ్లిచూపులకు వెళ్లినట్టే ఉండేది. మంచినీళ్లు తాగి, ఇల్లంతా ఒకసారి చూసి, నాలుగు మాటలు అడిగేవారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? రాత్రి అది ఏడిస్తే ఎవరు లేస్తారు? మే నెల ఎండకు ఎక్కడ పడుకుంటుంది? మీరు పెళ్లికో పుష్కరాలకో ఊరెళ్తే గిన్నెలో నీళ్లు ఎవరు పోస్తారు? ఈ నాలుగే. జవాబు చెప్పేది ఎవరన్నది ఆయన జాగ్రత్తగా గమనించేవారు. ఇంటి యజమాని ఒక్కడే గబగబా అన్నింటికీ సరే సరే అంటుంటే, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మొహం చూసేవారు. చాకిరీ ఆవిడ మీద పడుతుందని ఆయనకు తెలుసు. ఆవిడ నోరు విప్పకపోతే పిల్ల ఆ ఇంటికి వెళ్లేది కాదు.

ఒకసారి ఒక సినిమా ఆయన వచ్చారు. అవి విజయా వాహినీ వైభవంగా ఉన్న రోజులు, తెలుగు సినిమా అంతా కోడంబాక్కం, వడపళనిల్లోనే తయారయ్యేది. ఆయన పేరు చెప్పను. కారు మా సందులోకి పట్టక వీధి మొదట్లో ఆపి నడిచొచ్చారు. పిల్లవాడి పుట్టినరోజుకు కానుకగా కావాలన్నారు. మా నాన్న అలవాటు ప్రకారం వాళ్లింటికి వెళ్లారు. పెద్ద ఇల్లు, పెద్ద తోట. పగలు ఎవరుంటారంటే వాచ్‌మన్ అన్నారు. రాత్రి ఎవరు లేస్తారంటే వాచ్‌మనే అన్నారు. "ఈసారికి వద్దండీ, వచ్చే ఈతకు చూద్దాం" అన్నారు మా నాన్న. ఆ సినిమా ఆయన నొచ్చుకున్నారు గానీ కోప్పడలేదు. పెద్దమనిషి. మళ్లీ మణి పిల్లలు పెట్టే నాటికి తోటమాలి భార్యతో మాట్లాడి, వరండాలో చోటు చేయించి, ఇంటావిడను కూడా వెంటబెట్టుకుని వచ్చారు. అప్పుడిచ్చారు. ఆ కుక్క చాలా ఏళ్లు బతికింది.

అదే ఏడు చూళైలో ఒక ఇంటికెళ్లాం. ఒక్క గది. దానిలోనే పొయ్యి, దానిలోనే పడక, నిండా మనుషులు. ఈ ఇంట్లో కుక్కకు చోటెక్కడ అనుకున్నాను నేను. మా నాన్న అడగాల్సిందంతా అడిగారు. మూలన కూర్చున్న ముసలమ్మ అంది: "నాకెట్లాగూ రాత్రుళ్లు నిద్ర పట్టదు నాయనా, దాన్ని నేను చూసుకుంటాలే." మా నాన్న మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే తువ్వాల్లో చుట్టి పిల్లను అప్పగించారు. దారిలో నాతో ఒకే మాటన్నారు: "చోటు కాదురా, మనిషి కావాలి."

అప్పట్లో ఏ ఏర్పాట్లూ లేకుండానే పెంచారు కదా తాతా అని అడగబోతున్నావు, నీ మొహంలోనే తెలుస్తోంది. లేకపోవడమేమిటి? ఆ ఇల్లే ఏర్పాటు. మట్టి పెరడు ఉంది గనుక పాసుకు పోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. నుయ్యి ఉంది గనుక నీళ్లకు కరువు లేదు. వాటాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు గనుక అది ఒంటరిగా ఉండి ఏడ్చింది లేదు. వీధిలో దాని తల్లి ఉంది, తోటి పిల్లలు ఉన్నాయి, ఎంత గట్టిగా కొరికితే నొప్పో వాటి దగ్గరే నేర్చుకునేది. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా ఇల్లూ వీధీ కలిసి ఇచ్చినవి. నీ వేళచ్చేరి ఫ్లాటులో, అయిదో అంతస్తులో, ఇవేవీ లేవు. లేనివాటిని ముందుగా చేతులతో అమర్చిపెట్టుకోవాలి. ఏర్పాటంటే అదే. రంగు రంగుల గొలుసూ, మెత్తటి పరుపూ కొనడం ఏర్పాటు కాదు.

ఆ కాలం గొప్పదని మాత్రం అనుకోకు. పిల్లలు చాలా పోయేవి. అవి పోవడాన్ని మేము మామూలుగా తీసుకునేవాళ్లం. మా పక్క వాటా పిల్లవాడు, నా ఈడువాడే, ఒకనాడు సంతలో బుట్టలో పెట్టి అమ్ముతుంటే ఒక పిల్లను కొనుక్కొచ్చాడు. కళ్లు తెరిచి కొన్నాళ్లే అయి ఉంటుంది, పళ్లు కూడా సరిగా రాలేదు. తల్లి పాలు మానిపించి తెచ్చారు. ఆవుపాలు పోస్తే విరేచనాలు. తర్వాత ముక్కు కారడం, కళ్లకు పుసులు, చివరకు మూర్ఛలు. అది డిస్టెంపర్ అని మా నాన్న చూడగానే చెప్పారు. అప్పటికి మందు లేదు. ఆ మాటకొస్తే ఇప్పటికీ ఆ జబ్బును సూటిగా చంపే మందు లేదు, ముందుగా టీకా వేయించుకోవడమే. ఆ పిల్లవాడు నూతి పక్కన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లింట్లో ఎవరూ వాణ్ణి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కుక్కపిల్లే కదా అన్నారు.

తర్వాతి కాలంలో పార్వో అని ఇంకోటి వచ్చింది. 1978లో ప్రపంచం కంటబడ్డ జబ్బది. 80ల్లో మన ఊళ్లోనూ పిల్లలను పట్టుకుపోయింది. నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోయేది. నేల మీద, చెప్పుల మీద, నెలల తరబడి బతికే క్రిమి అది. అందుకే చెబుతున్నాను, మీ కింది ఫ్లాటులో గాని మీ ఇంట్లో గాని ఇటీవల ఏ పిల్లయినా అట్లా పోయి ఉంటే, ఆ నేలంతా బ్లీచింగ్‌తో కడిగి, డాక్టరును అడిగిన తర్వాతే కొత్తదాన్ని తేవాలి.

ఇక రేబిస్ సంగతి. మా వీధిలో ఒక చిన్నదాన్ని వాళ్లు పెంచే కుక్కపిల్లే కరిచింది. పిల్లే కదా, పళ్లు దిగలేదు కదా అని పసుపు అద్ది ఊరుకున్నారు. మా నాన్నకు ఆ మాట రెండు రోజుల తర్వాత తెలిసింది. అన్నం తింటున్న వారు కంచం ముందు నుంచి లేచి వెళ్లారు. ఆ రోజుల్లో సూదులు బొడ్డు చుట్టూ వేసేవారు, రోజుకొకటి చొప్పున పద్నాలుగు దాకా. గొర్రె మెదడు నుంచి తయారుచేసే మందు అది, సెంపుల్ అనే డాక్టరు కసౌలీలో కనిపెట్టింది. మన దేశంలో దాన్ని 2004-05 దాకా వాడారంటే నమ్ముతావా? ఇప్పుడు భుజానికే వేస్తారు, కొన్ని డోసులతో సరి. ఆ చిన్నది ఏడుస్తూనే అన్నీ వేయించుకుంది, బతికింది. ఆ కుక్కపిల్ల మాత్రం వారం తిరక్కుండా పోయింది.

మనకు దక్షిణాదిన రేబిస్ మందు దొరకడం వెనక కూడా ఒక చావు ఉంది. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే తెల్లమ్మాయి పిచ్చికుక్క కాటుకు గురైంది. మందు ఎక్కడో ఉత్తరాన కసౌలీలో. సకాలంలో అందక చనిపోయింది. ఆ తర్వాత హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడిచ్చిన డబ్బుతో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, 1907లో అది పని మొదలుపెట్టింది. మా నాన్న ఈ కథ ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. కుక్కను తెచ్చుకునే ప్రతి ఇంట్లోనూ, టీకాలు ఎక్కడ వేస్తారో ముందు తెలుసుకోండి, తర్వాతే కుక్క అనేవారు.

చిన్నాడా, ఆ పొత్తు తిప్పు, మాడుతోంది.

కార్పొరేషన్ కుక్కల బండి సంగతి మీకు తెలియదు. ఇనప చువ్వల బండి. అది సందులోకి వస్తుందని కబురు రాగానే మేం పిల్లలం మణిని లాక్కొచ్చి వాటాలో దాచి తలుపేసేవాళ్లం. పట్టుకెళ్లిన వాటిని చంపేసేవారు. 1860 నుంచి ఈ ఊళ్లో అదే పద్ధతి. 1959లో వానలకు త్యాగరాయ నగర్ వీధుల్లో నీళ్లు నిలిచి రెండు కుక్కపిల్లలు కొట్టుకుపోతుంటే కెప్టెన్ సుందరం అనే ఆయన వాటిని ఇంటికి తీసుకెళ్లారు. ఆయన విమానం నడిపేవారు. భార్య ఉషా సుందరం కూడా పైలటే. ఇద్దరూ కలిసి 1951లో ఇంగ్లండు నుంచి బొంబాయికి చిన్న విమానాన్ని 27 గంటల్లో నడుపుకొచ్చిన వాళ్లు. ఆ ఇంట్లోనే బ్లూక్రాస్ అనే జంతు సేవా సంస్థ పుట్టింది. వాళ్లబ్బాయి చిన్నీ కృష్ణ 1964 నుంచీ ఒకటే మాట పట్టుకున్నారు: చంపడం వల్ల కుక్కలు తగ్గవు, ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడివక్కడ వదలండి అని. కార్పొరేషన్ ఒప్పుకున్నది 1996లో. అప్పటికి ఈ ఊళ్లో రోజుకు 135 కుక్కల్ని చంపే దాకా వెళ్లిందని బ్లూక్రాస్ వాళ్లు రాశారు. ముప్పై రెండేళ్లు పట్టింది ఒక మంచి మాట చెవికెక్కడానికి.

ఈ ఊరికే ఇంకొకావిడ పుణ్యం కూడా ఉంది. కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవి అరండేల్. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం కోసం రాజ్యసభలో పట్టుబట్టింది ఆవిడే. 1960లో చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు వచ్చింది, మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ బోర్డు ఆఫీసు 2018 దాకా ఈ ఊళ్లోనే ఉండేది. మీ అపార్ట్‌మెంటు సంఘం కుక్కలు పెంచకూడదని తీర్మానం చేస్తే చెల్లదని చెప్పింది కూడా ఆ బోర్డే. అయితే అమ్మడూ, చెల్లదు కదా అని పోట్లాటకు దిగకు. కుక్క రాకముందే కింది వాళ్లకూ, ఎదుటి వాళ్లకూ ఒక మాట చెప్పి రా. మూడో అంతస్తు ముసలాయనకు కుక్కంటే భయం, లిఫ్టులో ఆయన ఉంటే మీరు ఆగి తర్వాతిది ఎక్కుతామని ముందే చెప్పు. అట్లా చెప్పిన ఇంటి కుక్క అరిచినా జనం ఓర్చుకుంటారు.

ఏ కుక్క అన్న దాని మీద కూడా నాకో అభిప్రాయం ఉంది. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది, 1985 మే నెలలో కాలిపోయింది. పాత పుస్తకాలు ఒక వైపు, పిట్టలు, కుందేళ్లు, కుక్కపిల్లలు ఇంకో వైపు. మేం సెలవుల్లో ఊరికే చూడ్డానికి వెళ్లేవాళ్లం. ఎప్పుడూ ఏదో ఒక జాతి మీద మోజు ఉండేది. మా నడివయసులో ప్రతి ఇంటా తెల్లటి బొచ్చు పొమరేనియన్. తర్వాత 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లవాడి వెంట పగ్ నడిచింది, అంతే, ఊరంతా పగ్‌లే. పాపం ఆ చప్పిడి ముక్కుకు మన ఎండలో ఊపిరి సరిగా ఆడదు. టీవీలో చూసి తెచ్చుకునే వాళ్లకు ఆ సంగతి మే నెలలో గాని తెలియలేదు. మంచు దేశాల హస్కీని తెచ్చి రోజంతా ఏసీ గదిలో బంధించే వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ జీవికి పరుగు కావాలి, చలి కావాలి. మన దగ్గర రెండూ లేవు.

మన రాజపాళయం కుక్కనే తీసుకో. విజయనగర కాలంలో తెలుగు రాజులు ఆ ఊరికి వలస వచ్చారు, ఇప్పటికీ వాళ్లిళ్లలో తెలుగే. ఆ ఊరి పేరున్న కుక్క పాల తెలుపు, గులాబీ ముక్కు, పొడవాటి కాళ్లు. 2005లో తపాలా శాఖ దాని మీద బిళ్ల కూడా వేసింది. ఈ ఎండ దానికి పుట్టుకతో అలవాటే. సైదాపేటలో ప్రభుత్వమే రాజపాళయం, చిప్పిపారై, కోంబై పిల్లల్ని పెంచే కేంద్రం నడిపేది. కానీ అదీ ఫ్లాటు కుక్క కాదు. పొలం గట్ల మీద పరిగెత్తాల్సింది. పైగా ఆ మరీ తెల్లటి వాటిలో కొన్ని పుట్టు చెవిటివి ఉంటాయి. కొనేముందు వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడాలి, ఆ పైన డాక్టరుకు చూపించాలి.

నన్నడిగితే మణి లాంటి నాటు కుక్కే మేలంటాను. మీ ఇంటికి దగ్గర్లోనే బ్లూక్రాస్ ఉంది. అక్కడ ఇళ్ల కోసం ఎదురుచూసే పిల్లలు ఎప్పుడూ ఉంటాయి. మన గాలి, మన నీళ్లు, మన ఎండ వాటి ఒంటికి తెలుసు. లాబ్రడారే కావాలంటే అదీ మంచిదే, నెమ్మదైన జాతి. కానీ అది తిండిపోతు. మీ అమ్మమ్మ చేతి నెయ్యి దానికి అందకుండా చూడాలి, లేకపోతే రెండేళ్లకే తుంటి కీళ్లు పట్టేస్తాయి.

సరే, ఇప్పుడు రోజులు చూద్దాం. ఆ లాబ్రడార్ పిల్లలు ఇప్పుడిప్పుడే కళ్లు తెరిచినవి. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మడం 2017 నుంచి చట్ట ప్రకారమే తప్పు. ఊరికే ఇచ్చినా అదే మాట, తల్లి దగ్గర ఆ ఎనిమిది వారాలూ ఉండాల్సిందే. దీపావళికి అవి నెల పిల్లలు. ఆ రోజు ఈ ఊళ్లో పేలే టపాకాయలకు ఏళ్ల తరబడి అలవాటైన కుక్కలే మంచాల కింద దూరతాయి. కొత్త ఇంట్లో, తల్లి లేకుండా, మొదటి వారంలోనే ఆ చప్పుడు విన్న పిల్ల బెదురు జీవితాంతం పోదు. ఆ తర్వాత కార్తీక వానలు. నిలిచిన నీళ్లలో ఎలుకల ఉచ్చ కలిసి వచ్చే లెప్టో జబ్బు కుక్కకూ వస్తుంది, మనకూ వస్తుంది. 2015 డిసెంబరు నీళ్లు మీరు చూడలేదు గానీ, 2023లో మిగ్‌జాం తుపానుకు మీ అపార్ట్‌మెంటు కింది భాగమంతా మునిగింది గుర్తుందా? మూడు రోజులు కరెంటు లేక, లిఫ్టు లేక ఉన్నాం. పాసుకు రోజుకు పదిసార్లు దింపాల్సిన పిల్లతో ఆ మెట్లు ఎక్కి దిగడం ఊహించుకో. గొలుసుతో కట్టి వదిలేసిన కుక్కలు 2015లో ఎన్నో కట్టు దగ్గరే మునిగిపోయాయి. అందుకే ముందే అనుకోవాలి, నీళ్లొస్తే మనతో పాటు దాన్ని ఎట్లా తీసుకెళ్తామో, ఏ చుట్టం ఇంట్లో కుక్కతో సహా దిగనిస్తారో.

కాబట్టి సంక్రాంతి దాటాక. అప్పటికి దానికి మూడు నెలలు, తల్లి దగ్గర బుద్ధులు నేర్చుకుని ఉంటుంది. మొదటి టీకాలు వాళ్ల చేతే వేయించి కార్డు తీసుకో. మిగిలినవి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల వయసు దాకా వేయించాలి, రేబిస్‌ది మూడు నెలలప్పుడు. పురుగుల మందు వేరే. అవన్నీ పూర్తయ్యే దాకా వీధిలో నేల మీద నడిపించకూడదు, కానీ ఇంట్లోనే దాచిపెట్టనూ కూడదు. ఆ వయసులోనే లోకాన్ని చూడాలి. చంకన ఎత్తుకుని బాల్కనీలో నిలబడి ఆటోలు, కూరల బండి, కుక్కర్ కూత, గొడుగు పట్టుకున్న మనుషులు, అన్నీ చూపించు. కత్తిరి వెయిలు మొదలయ్యే మే నెల నాటికి దానికి నడక అలవాటవుతుంది. అప్పుడు కూడా పొద్దున్నే, చీకటి పడ్డాక మాత్రమే. తారు రోడ్డు మీద నీ అరచెయ్యి వెనక భాగం ఆన్చి చూడు, నువ్వు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మన ఊళ్లో గోమార్ల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది. ఒక్కటి కనిపించినా వేళ్లతో నలపకు. గోమార్ల వల్ల వచ్చే జ్వరం ముదిరితే ప్రాణం మీదికొస్తుంది, డాక్టరిచ్చే మందు నెలనెలా తప్పకూడదు.

కార్పొరేషన్ లైసెన్సు కూడా ఉంది. యాభై రూపాయలే. రేబిస్ టీకా వేయించిన కాగితం చూపించాలి, మెడ చర్మం కింద చిన్న చిప్పు కూడా పెడతారు. లేకపోతే అయిదు వేలు జరిమానా. ఆ చిప్పు మంచిదే. తప్పిపోతే ఇల్లు చేరే దారి.

ఇక వంటిల్లు. మా రోజుల్లో మిగిలిందంతా దానికే. ఇప్పుడు తెలుసు, ఉల్లిపాయ దానికి విషం, అంటే మన సాంబారు పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ ఇంకా ప్రమాదం. మీ అమ్మమ్మ పాయసం గిన్నె కింద పెట్టి ఫోను ఎత్తడానికి వెళ్లే అలవాటు మానుకోవాలి. చాక్లెట్లు చిన్నాడి జేబులోంచి ఇంటి నిండా రాలుతుంటాయి, వాడు కూడా నేర్చుకోవాలి. చూశావా, కుక్కను ఒకరు తెచ్చుకుంటే ఇంటిల్లిపాదీ మారాలి. ఫోను చార్జరు తీగలు కింద వేలాడకూడదు. దోమల కాయిల్ మంచం కింద పెట్టకూడదు. బాల్కనీ చువ్వల సందులో చిన్న పిల్ల తల దూరుతుంది, వల కట్టించాలి. తెచ్చిన తర్వాత కడదామంటే ఆలస్యమైపోతుంది.

ఇవన్నీ ఒక నెలలో అమర్చేసుకోవచ్చు. నాకు దిగులుగా ఉన్నది వేరే. అది పన్నెండేళ్లు బతుకుతుంది, ఇంకా ఎక్కువే బతకొచ్చు. నీకిప్పుడు పన్నెండు. దానికి కళ్లు మసకబారి, మెట్లెక్కలేక, రాత్రుళ్లు తెలియకుండా పాసు పోసే నాటికి నీకు ఇరవై నాలుగు. అప్పుడు నువ్వెక్కడుంటావు? ఈ ఊళ్లో నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో పిల్లలు అమెరికా వెళ్లిపోయారు, వాళ్లు తెచ్చుకున్న కుక్కలు ముసలి తల్లిదండ్రుల దగ్గర మిగిలాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ముప్పై కిలోల కుక్కను లాగుతూ సాయంత్రం వేళ పార్కు చుట్టూ తిరుగుతుంటాడు. అక్కడ వీడియోలో పిల్ల పిలుస్తుంది, ఇక్కడ కుక్క ఆ గొంతు విని తలుపు దగ్గరికి పరిగెత్తి మనిషి కోసం వెతుకుతుంది. ఆ దృశ్యం నేను చూశాను, ఒక్క ఇంట్లో కాదు. ఆ తల్లిదండ్రులు విసుక్కోరు, అదొక్కటే వాళ్లకు మిగిలిన తోడు. కానీ వాళ్లకు ఆసుపత్రి పడితే ఆ కుక్కను ఎవరు చూస్తారు? మీ అమ్మ వద్దనడం వెనక ఉన్నది ఈ భయమేనమ్మా. తను నోరు తెరిచి చెప్పలేదు, నేను చెబుతున్నాను. తనకు ఉద్యోగం ఉంది, మీ నాన్న ఓఎంఆర్ వైపు ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. నువ్వు బడికి పోతే పగలు ఇంట్లో ఉండేది నేనూ మీ అమ్మమ్మా. నేను ఒప్పుకుంటున్నాను, పగలు నాది. మా నాన్న చూళైలో ఆ ముసలమ్మ మాట విని పిల్లను ఇచ్చారు గనుక, నా మాట కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రి మాత్రం నీది. ఆ మొదటి వారాలు రెండు మూడు గంటలకొకసారి లేచి దాన్ని కాగితాల దగ్గరికి తీసుకెళ్లాలి, పరీక్షలున్నా లేవాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. రేపట్నుంచి సంక్రాంతి దాకా, కుక్క ఇంట్లో ఉన్నట్టే నడుచుకో. తెల్లవారుజామున లేచి, వాన పడుతున్నా గొడుగేసుకుని, అపార్ట్‌మెంటు చుట్టూ ఒక చుట్టు తిరిగి రా. సాయంత్రం ఇంకో చుట్టు. నీ పండగ డబ్బులు, పుట్టినరోజు డబ్బులు టీకాలకని పక్కన పెట్టు. ఆదివారం వేపేరికి వెళ్దాం, డాక్టరుతో ముందే ఒకసారి మాట్లాడి వద్దాం. అదయ్యాక మీ అమ్మను అడుగు, నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాసుకుని మరీ అడుగు. మీ అమ్మ నోటితో సరే అన్న రోజున, లాబ్రడారో నాటు పిల్లో, ఏదైనా సరే, తువ్వాలు పట్టుకుని నేనే నీ వెంట వస్తాను.